సజ్జలు తిన్న యంత్రం

మన హైదరాబాదులో సొంతంగా ఆలోచించే యంత్రాన్ని మొట్టమొదట తయారుచేసిన మనిషిని నేనే. ఇప్పుడు అందరి ఫోన్లలో ఏఐ అని ఒకటి కూర్చుని అడిగినదానికీ అడగనిదానికీ జవాబు చెబుతోంది కదా, దాని ముత్తాత మా కిషన్‌బాగ్‌లో పుట్టింది. నా చేతుల్లో పుట్టింది.

సరే, నా చేతుల్లో అనడం కొంచెం ఎక్కువే. తయారుచేసింది మా సారు, ఆయన కింద ఇద్దరు ఇంజనీర్లు. నేను ఆ ప్రభుత్వ ప్రయోగశాలలో టెక్నీషియన్‌ని. తీగలు అతికేవాడిని, మీటలు నొక్కేవాడిని, సజ్జల బస్తా మోసేవాడిని. యంత్రానికి సజ్జలెందుకు అంటారా? మా అకౌంట్స్ సెక్షన్ వాళ్లూ అదే అడిగారు.

డెబ్భైల చివర అనుకోండి. విమానాలు లేచేటప్పుడూ దిగేటప్పుడూ పక్షులు వచ్చి ఇంజన్లకు తగులుతున్నాయి, ఏదైనా ఉపాయం చూడండని మా ప్రయోగశాలకు పని అప్పగించారు. రాడార్ తెర మీద దూరంగా పోయే చిన్న విమానమూ చుక్కే, దగ్గరగా ఎగిరే పక్షుల గుంపూ చుక్కే. ఏది ఏదో యంత్రమే కనిపెట్టి చెప్పాలన్నారు మా సారు. అదీ ఎలా? మనం సూత్రాలు చెప్పకూడదట. ఉదాహరణలు చూసి చూసి అదే నేర్చుకోవాలట.

మొదటిసారి ఈ మాట విన్నప్పుడు సారుకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాను. కానీ పని నిజంగా అలాగే సాగింది. తెర మీద చుక్క కదలిక అంకెలుగా మారి బీరువాలాంటి యంత్రంలోకి పోయేది. అది ఆలోచించి బల్బు వెలిగించేది. ఎర్రది వెలిగితే పక్షి, ఆకుపచ్చది వెలిగితే విమానం. బయట ఒక మనిషి ఆకాశంలోకి చూస్తూ అసలు సంగతి కేకేసి చెప్పేవాడు. యంత్రం పొరబడితే నేను ఒక మీట నొక్కాలి. నొక్కగానే అది లోపల తనను తాను కాస్త సర్దుకునేది. బడిలో పిల్లవాడికి తొడపాశం పెట్టినట్టు.

విమానాలకు కరువు లేదు. ప్రయాణికుల విమానాలు మా నెత్తిమీదుగా రూళ్లకర్రతో గీత గీసినట్టు పోయేవి. పక్షులతోనే చిక్కు. రాడార్ వ్యానును మీరాలం చెరువు దగ్గర బండల మీద నిలబెట్టుకుని కొంగల కోసం కాచుకుని కూర్చునేవాళ్లం. కొంగ ఎప్పుడు లేస్తుందో కొంగకే తెలియదు. లేచినా తెర మీది చుక్క ఆ కొంగదేనా, ఇంకో గద్దదా అని మాలో మాకు లొల్లి.

ఒకరోజు విసిగిపోయి సారు మా ఇంటికి చాయ్ తాగడానికి వచ్చారు. మా ఇల్లు అక్కడికి దగ్గరే. అరుగు మీద కూర్చుని తలెత్తి చూసి, గ్లాసు పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఆపేశారు.

పక్కింటి మిద్దె మీద చాచా పావురాలను ఎగరేస్తున్నాడు.

చాచా గురించి చెప్పాలి. మలక్‌పేట రేసు మైదానంలో గుర్రాలను చూసుకుని రిటైరైన మనిషి. గుర్రాలు పోయాక నాకు రెక్కలున్నవే మిగిలాయి అనేవాడు. పొడుగాటి వెదురు కర్రకు నల్లగుడ్డ కట్టి ఊపితే గుంపంతా లేచేది. ఈల వేసి గింజలు చల్లితే దిగేది. ఆ మధ్యలో ఇంటి మీద గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి, కొలిచి గీసిన సున్నాలాగా. ఆ సున్నా ఎంత చిన్నగా, ఎంత బిగువుగా ఉంటే పావురాలవాడికి అంత ఇజ్జత్. ఎందుకంటే పాతబస్తీ ఆకాశంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి పావురమైనా దారి తప్పి మన గుంపులో కలిసి మన మిద్దె మీద దిగిందా, అది మనదే. పోయినవాడు వచ్చి అడగడం సిగ్గు. అఫ్జల్‌గంజ్‌లో ఒక మిద్దెవాడికీ మా చాచాకూ ఈ విషయంలో పాతపగ. అందుకే చాచా తన గుంపును ఇంటి గడప దాటనివ్వడు. గుంపుకు ముందు నడిచేది ఒక తెల్లపెట్ట. చాచీ పోకముందు తన అరచేతిలో గింజలు పెట్టి పెంచింది దాన్ని. అది మిద్దె మీద దిగేదాకా చాచా అన్నం ముట్టేవాడు కాదు.

"ఏమిటయ్యా ఇది? ఆయన గుడ్డ ఊపితే లేస్తున్నాయి, ఈల వేస్తే దిగుతున్నాయి!" అన్నారు సారు. ఆయనది కృష్ణాజిల్లా, ఈ విద్య ఎన్నడూ చూడలేదు.

"కబూతర్‌బాజీ సార్. మా దిక్కు మామూలే."

"మామూలా? మనం కొంగల కాళ్లు పట్టుకుని బతిమాలుతుంటే, పిలిస్తే పలికే పక్షులు మీ పక్కింట్లో ఉన్నాయా? ఎప్పుడూ చెప్పవేం?"

"మీరు అడగలే గద సార్."

నిచ్చెనెక్కి ఇద్దరం చాచా మిద్దె మీదికి పోయాం. చాచా కర్ర దించకుండానే సారును పైనుంచి కిందికి చూశాడు.

"ఎవరు బేటా ఈ సాబ్?"

"మా పెద్దసారు చాచా. నువ్వు రోజు ఇట్లనే ఉడాయించాలంట. మిషన్ చూసి నేర్సుకుంటదంట."

"మిషన్ నేర్సుకుంటదా? ఏ స్కూల్ల ఏసిండ్రు దాన్ని?"

"మా స్కూల్లనే. నేనే పంతులు."

"నేర్సుకొని ఏం జేస్తది?"

ఆ సంగతి నాకూ సరిగ్గా తెలియదు. తెలియదని చెప్పే అలవాటు లేదు. "విమానం నడిపేటోనికి చెప్తది చాచా. 'జర పక్కకు తిప్పుకో భాయ్, చాచా కబూతరాలు వస్తున్నయి' అని చెప్తది."

చాచా పాన్ నములుతూ పడీపడీ నవ్వాడు. నవ్వు ఆపి నా కళ్లలోకి చూశాడు. "సాబ్ సంగతి నాకు తెల్వదు. నువ్వు చెప్పు. నా పరిందలకు ఏం గాదు గద? జబాన్ ఇస్తవా?"

"జబాన్ ఇచ్చిన చాచా. ఫికర్ జెయ్యకు" అని మాట ఇచ్చేశాను.

అలా మొదలైంది. పావురాల మేతకు సజ్జలు కావాలని రాసి పంపితే అకౌంట్స్ సెక్షన్ నుంచి ఒక మనిషి నేరుగా వ్యాను దగ్గరికే వచ్చాడు. "ఏంది భాయ్, మీ మిషన్ సజ్జలు తింటదా?"

"తింటది. జొన్నలు వేసి చూసినం, పడలే."

ఆయన వ్యాను తలుపు సందులోంచి యంత్రాన్ని తొంగి చూసి, బల్బులు మిణుకుమిణుకుమంటుంటే మారుమాట్లాడకుండా వెళ్లిపోయాడు. బస్తా మంజూరయింది.

ఆ పని చేసినవాడికే దాని బాధ తెలుస్తుంది. ఎండాకాలంలో వ్యాను లోపల కూలర్ యంత్రానికి పెట్టి మేం బండల మీద మాడేవాళ్లం. అది వేడెక్కితే తిక్కతిక్కగా మాట్లాడేది, మబ్బును కూడా పక్షి అనేది. కరెంటు పోతే నేర్చుకున్నదంతా మరిచిపోయేది. అందుకని అది నేర్చుకున్నదాన్ని రంధ్రాల కాగితపు టేపు మీద దించుకుని చుట్టలు చుట్టి దాచేవాళ్లం. ఒకసారి వానకు తడిసిన చుట్టలను బండల మీద ఆరబెట్టాం. ఒక మేక వచ్చింది. ఆ మేకతో నేను కుస్తీ పట్టి, కొమ్ములు వంచి, టేపునంతా దాని నోట్లోంచి లాగి దేశ విజ్ఞానాన్ని కాపాడాను.

నిజం చెప్పాలంటే నేను చూసేసరికి మేక భోజనం అయిపోయింది. గడ్డం కింద చివరి మూర ఒక్కటి వేలాడుతోంది. నేనూ లాగాను, అదీ లాగింది. అదే గెలిచింది. వేసవంతా మేం ఎగరేసిన పావురాలన్నిటినీ ఒక మేక నమిలి మింగేసింది. ఆ వానకు కరెంటూ పోయి ఉండటంతో యంత్రం మళ్లీ పసిబిడ్డ అయిపోయింది. సారు తల పట్టుకుని బండ మీద కూర్చున్నారు. కాసేపటికి లేచి, "పద, చాచాగారిని కర్ర ఎత్తమను" అన్నారు.

మళ్లీ మొదటినుంచి నేర్పాం. చలికాలం వచ్చేసరికి ఒక ఉదయం ఏదో తేడా కనిపించింది. నేను మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. విమానం పోయింది, ఆకుపచ్చది వెలిగింది. చాచా గుంపు లేచింది, ఎర్రది వెలిగింది. మళ్లీ విమానం, మళ్లీ ఆకుపచ్చ. నా వేలికి పని లేకుండా పోయింది. ప్రాణం లేని ఇనప బీరువా, కళ్లు కూడా లేనిది, మా చాచా పావురాలను గుర్తుపడుతోంది! సారు వంక చూశాను. ఆయనా నోరు తెరిచి ఉన్నారు.

చాచాను పిలుచుకొచ్చి వ్యానులో కూర్చోబెట్టాం. మా తమ్ముడు మిద్దె మీద గుడ్డ ఊపాడు. ఎర్రబల్బు వెలిగింది.

"నా కబూతరాలేనా?" అన్నాడు చాచా గొంతు తగ్గించి.

"హౌ చాచా."

"పహచాన్లియా! అరే, గుర్తువట్టింది బే!" చాచా లేచి నిలబడి, నుదుటికి చెయ్యి ఆనించి యంత్రానికి సలాం చేశాడు. దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

తర్వాత కొద్దిరోజులకు ఢిల్లీ నుంచి పెద్దమనుషులు వస్తున్నారని కబురు. ఊరికి అవతల, కొత్తవాళ్లకు చిన్న విమానాలు నడపడం నేర్పే మైదానం ఒకటి ఉంది. యంత్రాన్ని అక్కడ పెట్టి చూపించాలి. పావురాలనూ తెచ్చి వాళ్ల ముందే వదలాలి. చాచా మొదట నక్కో అన్నాడు.

"ఆడ ఇడిస్తే ఇంటికే వస్తయి బేటా, గది ఫికర్ లేదు. కాని నడుమ అఫ్జల్‌గంజ్ ఉంది గద. ఆ బేకార్‌గాడు కాసుకోని కూసుంటడు."

"ఒక్కసారే చాచా. ఢిల్లీ సార్లు నీ కబూతరాలను చూస్తరు. ఇజ్జత్ గద!"

ఇజ్జత్ అనే మాటకు చాచా పడిపోతాడని నాకు తెలుసు. ఆ రోజు పెట్టెలోంచి షేర్వానీ తీశాడు, అత్తరు రాసుకున్నాడు. వెదురు బుట్టలో పావురాలను పెట్టి, తెల్లపెట్టను అన్నిటికంటే ఆఖరున, ముక్కు మీద ముద్దు పెట్టి కూర్చోబెట్టాడు.

మైదానంలో షామియానా, కుర్చీలు, పింగాణీ కప్పుల్లో టీ. మా వ్యాను పక్కన ఒక స్టూలు. స్టూలు మీద మీసాలాయన. ఆయన ఒళ్లో రెండు గొట్టాల తుపాకి.

"ఏంది అన్నా, బందూకేంది?" అన్నాను.

"గంట మోగితె కాల్చాలె."

"ఏమి కాల్చాలె?"

"పిట్టలను. ఏం, మీ మిషనే గద? నీకు తెల్వదా? ఎర్రబల్బు ఎలిగితె గంట మోగుతది, మోగితె కాల్చుడే. పైకి చూడొద్దన్నరు. మనిషి కన్ను లేటంట. సొంత దిమాగ్ లడాయించొద్దన్నరు."

ఎర్రబల్బు నుంచి ఆ గంటకు తీగ అతికింది నేనే. ముందురోజు స్వయంగా అతికాను. బల్బు చూసే మనిషి కునుకు తీయకుండా గంట అనుకున్నాను. నెలల తరబడి మీట నొక్కీ నొక్కీ, ఇవి పావురాలు, ఇవి పావురాలు అని నేను దానికి నూరిపోసింది వాటిని కాల్చడానికా?

వెనక్కి తిరిగితే బుట్ట ఎత్తుకుని చాచా. అంతా విన్నాడు. కోప్పడలేదు. అత్తరు వాసన, తెల్లబడిన మొహం. "బేటా, జబాన్ ఇస్తివి గద?" అన్నాడు. అంతే.

సారు దగ్గరికి పరిగెత్తాను. ఆయన తుపాకిని చూసి నాకంటే ఎక్కువ అదిరిపడ్డారు. "నేను టపాకాయలు అడిగానయ్యా! చప్పుడు చేసి తోలేయమన్నాను, తుపాకి ఎవరు పెట్టారు?" షామియానా వైపు పోయి ఎవరితోనో ఇంగ్లీషులో గబగబా మాట్లాడారు. వాళ్లు తలలూపారు, గడియారాలు చూసుకున్నారు. ఈలోగా మైదానం మనిషి ఒకడు వచ్చి చాచా చేతుల్లోంచి బుట్ట లాక్కున్నట్టే తీసుకుని నడిమధ్యకు పోయి నేల మీద పెట్టాడు.

అప్పుడు నేను చొక్కా గుండీలు తెంచుకుని తుపాకి ముందు రొమ్ము విరుచుకుని నిలబడ్డాను. "ముందు నన్ను కాల్చు!" అన్నాను.

ఇలా అని మా మనవళ్లకు చెబుతుంటాను. వాళ్లు నమ్ముతారు. మీ దగ్గర అబద్ధమెందుకు, నేను వ్యాను వెనక మోకాళ్ల మీద కూర్చుని గంట తీగను రెండు చేతులా లాగుతున్నాను. ఊడలేదు. నేను అతికిన అతుకు కదా. సర్వీసు మొత్తంలో నా పనితనం మీద నాకే అసహ్యం వేసింది అప్పుడొక్కసారే.

బుట్ట మూత తెరుచుకుంది.

టపటపమని రెక్కల చప్పుడు. గుంపు లేచింది. చాచా రెండు చేతులతో కళ్లు మూసుకున్నాడు. నేను తీగను వదిలేసి గంటనే రెండు అరచేతుల మధ్య పట్టుకుని అణిచాను. మీసాలాయన తుపాకి భుజానికి ఆనించుకుని, చెప్పినట్టే పైకి చూడకుండా, నన్నూ గంటనూ చూస్తున్నాడు. పావురాలు ఒక్క క్షణం గాలిలో గజిబిజిగా తచ్చాడాయి. తెల్లపెట్ట మెడ తిప్పింది. తిప్పి, ఊరి వైపు బాణంలా పోయింది. దాని వెనకే గుంపు. ఒక్క చుట్టు తిరగలేదు. వాటి నీడలు మీసాలాయన టోపీ మీదుగా జారిపోయాయి.

గంట నా చేతుల్లో కదల్లేదు. తల తిప్పి చూస్తే ఆకుపచ్చ బల్బు వెలుగుతోంది.

విమానమట!

పావురాలను పావురాలని పసిపిల్లవాడు చెబుతాడు. మా సారు మొహం చూడలేకపోయాను. చాచా వేళ్ల సందులోంచి చూసి, ఖాళీ ఆకాశాన్నీ, కాల్చని తుపాకినీ చూసి, అక్కడే నేల మీద కూలబడ్డాడు. నేను గంట వదిలి చాచా దగ్గరికి పోయాను. ఆ రోజు జరగాల్సింది ఇంకా సగం ఉందని నాకేం తెలుసు?

ఆ మైదానంలో రోజంతా జరిగేది ఒకటే. కొత్తగా నేర్చుకునేవాడు చిన్న విమానాన్ని లేపుతాడు, మైదానం చుట్టూ గుండ్రంగా తిప్పుతాడు, దించుతాడు, మళ్లీ లేపుతాడు. అప్పుడూ ఒకటి లేచింది. ఒక చుట్టు తిరిగింది.

ఎర్రబల్బు. గణగణగణమని గంట.

మీసాలాయన స్టూలు మీంచి లేచి, తుపాకిని ఆకాశానికి ఎత్తి ఢామ్మని కాల్చాడు.

కుర్చీలు తిరగబడ్డాయి. ఢిల్లీ పెద్దమనుషులు బల్లల కింద దూరారు. పైకి పోయిన చిన్న గుండ్లు తిరిగొచ్చి షామియానా మీద వడగళ్లలా టపటపమన్నాయి. ఒకటో రెండో టీ కప్పుల్లో కూడా పడ్డాయి. విమానం ఎంతో ఎత్తున, ఎంతో దూరాన ఉంది, దానికేం కాలేదు. అందులోని కుర్రవాడికి ఈ సంగతి ఇప్పటికీ తెలిసి ఉండదు. వాడు నిశ్చింతగా రెండో చుట్టు మొదలుపెట్టాడు. గంట మళ్లీ మోగింది. మీసాలాయన రెండో గొట్టం ఎత్తాడు. మా సారు పరిగెత్తుకుంటూ పోయి జనరేటర్ మీట కిందికి కొట్టారు. గంట గొంతు ఆగింది.

"ఏమయ్యా, నీకు కళ్లు లేవా? విమానాన్ని కాలుస్తావా?" అని మైదానం ఆఫీసరు కేకలు.

"గంట మోగింది గద సార్!"

"మోగితే పైకి చూడవా?"

"చూడొద్దని మీరే అంటిరి! నేను చూసి కాల్చేటోన్ని సార్, ముప్పై ఏండ్లాయె. చూడకుంట కాల్చమన్నది మీరు!"

నిక్షేపంలాంటి మనిషి, కళ్లున్నవాడు, ఒక గంటకు లోబడి ఎగిరే విమానం మీదికి తుపాకి పేల్చాడు. ఆ గంట ఒక బీరువాకు లోబడింది. ఆ బీరువాకు చదువు చెప్పింది మేము.

జీపులో తిరుగుముఖం పట్టాం. చాచా వెనక సీట్లో ఖాళీ బుట్టను ఒళ్లో పెట్టుకుని ఆకాశం వంకే చూస్తున్నాడు. దారిలో సారు నెమ్మదిగా అన్నారు: "మనం దానికి పక్షి అంటే ఏమిటో నేర్పలేదయ్యా. ఇంటి మీద గుండ్రంగా తిరగడం నేర్పాం. తిరిగితే పక్షి, తిన్నగా పోతే విమానం. అంతే అది నేర్చుకుంది. పాపం దాని తప్పేముంది?"

నేను బిత్తరపోయాను. వదిలితే పావురం తిన్నగా ఇంటికి పోతుందని కిషన్‌బాగ్‌లో ఎవరినడిగినా చెబుతారు. నాకు తెలుసు. చాచాకు తెలుసు. చాచా నాతో నోరు విడిచి చెప్పాడు కూడా. ఆ మాటను మోసుకెళ్లి బీరువా పక్కన పెట్టి చూడాలని నాకు తట్టలేదు.

మూసీ వంతెన దగ్గరికి వచ్చేసరికి చాచా "రోకో" అని జీపు ఆపించాడు. అఫ్జల్‌గంజ్ మిద్దెల మీద ఒక గుంపు ఎగురుతోంది, పగవాడి గుంపే. అందులో మనవి కలిశాయా లేదా ఎంత చూసినా తెలియలేదు. "నడువు" అన్నాడు చాచా.

ఇంటికి చేరాం. మిద్దె మీద ఒక్క పావురం లేదు. గూళ్ల తలుపులు తెరిచే ఉన్నాయి. చాచా కర్ర కూడా ఎత్తలేదు, సజ్జలు గుప్పిట్లో పట్టుకుని పిట్టగోడ దగ్గర నిలబడ్డాడు. నేను నిచ్చెన పక్కన కూర్చున్నాను. ఇంటికి పొమ్మని చాచా అనలేదు, ఉండమనీ అనలేదు. సాయంత్రపు అసర్ నమాజుకు అజాన్ వినబడింది. చాచా కదల్లేదు.

ఎండ పసుపు రంగుకు తిరిగాక మూసీ వైపు నుంచి ఒక మరక కనిపించింది. దగ్గరికి వచ్చింది. ముందు తెల్లటిది. మిద్దె చుట్టూ ఒక్క సున్నా చుట్టి, వెదురు చట్రం మీద వాలి, ఏమీ జరగనట్టు రెక్క కింద ముక్కు పెట్టి గీరుకుంది. తర్వాత మిగిలినవి. చాచా ఒక్కొక్కదాన్ని చూపుడువేలితో తాకుతూ పోయాడు. చివరిదాని దగ్గర వేలు ఆగిపోయింది.

"బేటా, గిదెవల్ది?"

పసుపు కళ్లు, కాలికి నీలం పూస. మాది కాదు. అఫ్జల్‌గంజ్‌వాడిది. వాడు మావాటిని దించుకోబోతే మా తెల్లపెట్ట వాడిదాన్ని ఒకదాన్ని లాక్కొచ్చింది!

చాచాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ గడ్డం మీదే కలిశాయి. తెల్లపెట్టను చేతుల్లోకి తీసుకుని నాతో అన్నాడు: "నీ మిషన్ వాటిని గుర్తువట్టలే. గందుకే బతికినయ్. నీ జబాన్ నువ్వు నిలబెట్టలే బేటా, అవే నిలబెట్టినయ్."

నేను లేచి వాటి నీళ్ల గిన్నె నింపాను.

వారం తిరగకుండానే సారు నిచ్చెనెక్కి వచ్చారు. కళ్లు నిద్రలేక గుంటలు పడ్డా మొహంలో వెలుగు. "తప్పెక్కడుందో తెలిసిపోయిందయ్యా. ఈసారి పావురాలను బుట్టలో తీసుకెళ్లి రకరకాల చోట్ల వదులుదాం. తిన్నగా పోయేదీ నేర్పుదాం, విమానం చుట్టు తిరిగేదీ నేర్పుదాం. ఇక అది పొరబడదు."

ఇక అది పొరబడదు. పొరబడింది కాబట్టే కదా ఇవి ఇక్కడ గింజలు తింటున్నాయి! చాచా గింజలు చల్లడం ఆపి నా వైపు చూశాడు. సారు వైపు కాదు, నా వైపు.

నేను నిటారుగా నిలబడి, "సార్, ఈ పావురాల ప్రాణాల కంటే నాకు ఉద్యోగం ఎక్కువ కాదు, ఇదిగో రాజీనామా!" అన్నాను.

అనలేదు. ఇంట్లో బియ్యం డబ్బా గుర్తొచ్చింది. "సార్, ఇప్పుడు కుదరదు. ఈకలు రాల్చే కాలం" అన్నాను.

సారు పావురాల వైపు చూశారు. ఒక్కొక్కటీ నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. నేల మీద ఒక్క ఈక లేదు.

"ఎన్నాళ్లు రాలుతాయి?"

"మస్తు రోజులు రాలుతయి సార్."

"ఆ తర్వాత?"

"తర్వాత గుడ్లు పెడ్తయి సార్."

"ఆ తర్వాత?"

"పిల్లలు గద సార్."

సారు పిట్టగోడ మీద కూర్చున్నారు. బస్తాలోంచి గుప్పెడు సజ్జలు తీసి, ఒక్కొక్క గింజా తెల్లపెట్ట ముందు వేశారు. "వాళ్లు తుపాకి మానరు" అన్నారు ఆఖరికి. "అడిగాను. టపాకాయలు చాలవట." ఇంకొన్ని గింజలు వేశారు. "పక్షులు దొరకడం లేదని రాస్తాను."

చాచాకు ఏం అర్థమైందో గానీ గూళ్ల దగ్గరికి పోయి నీలం పూస పావురాన్ని తెచ్చాడు. కట్టుబాటు ప్రకారం అది ఆయనది. జీవితంలో ఒక్కదాన్ని కూడా తిరిగిచ్చినవాడు కాదు. "పో బేటా, నీ ఇంటోల్లు గూడ ఎదురు చూస్తుంటరు" అని దాన్ని రెండు చేతులా పైకి వదిలాడు.

మా మిద్దె మీద ఒక్క చుట్టు కూడా తిరగలేదు. అఫ్జల్‌గంజ్ వైపు గీత గీసినట్టు పోయింది. సారు దాన్నే చూస్తూ నన్నడిగారు:

"ఏ బల్బు?"

"ఆకుపచ్చది సార్."